కాళ్ల కింద సామ్రాజ్యం

సిసిలీ కొండల నడుమ 1,700 ఏళ్ల నాటి రోమన్ ప్రభువు ఇల్లు. గది గదికీ ఒక బొమ్మల నేల. ఏ అతిథి ఎక్కడిదాకా రావాలో, ఎవరి ముందు తలవంచాలో ఆ నేలే చెప్పేది.

వేటగాడు పులిపిల్లను ఎత్తుకుని గుర్రం మీద పారిపోతున్నాడు. తల్లిపులి వెంటపడింది. ఇక అందుకుంటుందనగా అతను గుండ్రటి గాజుబంతిని దాని ముందు పడేశాడు. అందులో కనిపించిన తన నీడనే పిల్ల అనుకుని పులి ఆగిపోయింది. అది తేరుకునేలోపు గుర్రం ఓడ మెట్టెక్కేసింది.

ఈ వేట ఉపాయాన్ని 4వ శతాబ్దపు చివర్లో మిలాన్ బిషప్ అంబ్రోస్ తన రచనలో వర్ణించాడు. అంతకు కొన్ని దశాబ్దాల ముందే దాన్ని ఒకరు తమ ఇంటి నేల మీద వేయించుకున్నారు. ఆ పులి ఇప్పటికీ ఆ బంతిలోకి చూస్తూనే ఉంది. చుట్టూ సింహాలు, ఏనుగులు, నిప్పుకోళ్లు, ఖడ్గమృగం, ఎడ్లబండ్ల మీద పెట్టెలు, ఓడలు, కొరడాలు. అన్నీ రంగురాళ్ల చిన్నచిన్న ముక్కలే. ఇలాంటి బొమ్మల నేలనే మొజాయిక్ అంటారు.

ఆ ఇంటి పేరు విల్లా రోమానా దెల్ కాసాలె. ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపంలో, ఎన్నా జిల్లా పియాజ్జా అర్మెరీనా ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, మాంగోనె కొండ కింద ఉంది. కట్టింది 4వ శతాబ్దపు మొదటి భాగంలో. ఇక్కడ కృష్ణా తీరాన విజయపురిలో ఇక్ష్వాకుల పాలన ముగింపుకు వస్తున్న కాలం అది. రోమన్ రాజ్యంలో ఇంతకంటే పెద్ద భవనాలు లేకపోలేదు. కానీ నేల మీది బొమ్మలు ఇంత విస్తారంగా, వేసిన చోటే, ఒకే ఇంట్లో ఇలా మిగిలిన చోట్లు చాలా అరుదు. దాదాపు 3,500 చదరపు మీటర్లు, మన లెక్కలో 86 సెంట్ల జాగా. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గుమ్మం నుంచి సింహాసనం దాకా

పల్లెలో కట్టినంత మాత్రాన దీన్ని పొలం కాపలా ఇల్లనుకోకూడదు. అంతకుముందు ఇక్కడ ఒక సాదా వ్యవసాయపు ఇల్లు ఉండేది. దాని మీదే ఈ మహాభవనం లేచింది. చుట్టూ యజమాని విశాలమైన పొలాలు, దక్షిణాన కొద్ది దూరంలో రహదారి మీద ఫిలోసోఫియానా అనే మజిలీ. సిసిలీ రోముకు ధాన్యాగారం. ఇక్కడి గోధుమ పంటే ఈ వైభవానికి పెట్టుబడి.

భవనాన్ని కొండవాలుకు తగ్గట్టు అంచెలంచెలుగా కట్టారు. స్థూలంగా నాలుగు భాగాలు. మూడు కమానుల ముఖద్వారం, దాని వెనక గుర్రపునాడా ఆకారంలో స్తంభాల ముంగిలి ఒకటి. మధ్యలో నీటికొలను, తోట, చుట్టూ స్తంభాల వసారా, ఆ వసారాలోకి తెరుచుకునే గదులు రెండోది. మన మండువా లోగిలిని పదింతలు చేసి, మధ్యలో ఫౌంటెన్ పెడితే ఎలా ఉంటుందో అలా. కోడిగుడ్డు ఆకారపు ముంగిలితో విందుశాల మూడోది. స్నానశాలలు నాలుగోది. ఈ నాలుగూ ఒకే గీత మీద ఉండవు. ఒక్కో భాగం ఒక్కో వైపు తిరిగి ఉంటుంది. అది లోపమని మొదట్లో అనుకున్నవారూ ఉన్నారు. నిజానికి నడిచేవాడు మలుపు తిరిగిన ప్రతిసారీ కొత్త దృశ్యం ఎదురయ్యేలా వేసిన పథకం అది.

ఇప్పుడు వచ్చిన అతిథి వెంట మనమూ నడుద్దాం. ముఖద్వారం గోడల మీద సైనికుల చిత్రాలు. ముంగిలి దాటి తోట వసారాకు చేరే గదిలో నేల మీద మనుషులు నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో దీపస్తంభం, మరొకరి చేతిలో కొమ్మ. వచ్చినవాడికి స్వాగతం పలుకుతున్న వరుస అది. లోపలికి వెళితే వసారా నలువైపులా పొడవాటి మొజాయిక్ తివాచీ. ఆకుల దండల్లాంటి వలయాల మధ్య జంతువుల తలలు: సింహం, పులి, గుర్రం, జింక, మేక. వలయం వెనక వలయం అలా సాగిపోతూ ఉంటే అడుగులు తమంతట అవే ముందుకు పడతాయి.

ఎదురుగా మెట్లు. మెట్లెక్కితే వేట దృశ్యాల పెద్ద వసారా. దాన్ని అడ్డంగా దాటి మళ్లీ మెట్లెక్కితే బసిలికా అనే దర్బారు హాలు. ఇంటి యజమాని కూర్చునేది దాని చివర, అర్ధవృత్తాకారపు గూటిలాంటి చోట. ఇల్లంతటికీ ఎత్తైన స్థానాల్లో అది ఒకటి. వచ్చినవాడు ఎక్కుతూ రావాలి, ఆయన కూర్చునే ఉండాలి.

ఈ దర్బారు హాల్లో ఒక వింత ఉంది. ఇంత బొమ్మల ఇంట్లో అత్యంత ముఖ్యమైన గదిలో బొమ్మలు లేవు. అక్కడ పరిచింది పాలరాయి. సామ్రాజ్యంలోని దూరదూరపు గనుల నుంచి తెప్పించిన రంగురాళ్లను పలకలుగా కోసి, ఆకారాలుగా అతికిన నేల. రోమన్ల దృష్టిలో ఖరీదు దానిదే. ఇప్పుడు లోకమంతా తరలివచ్చి చూస్తున్న బొమ్మల నేలలు ఆ ఇంట్లో రెండో తరగతివి. తర్వాతి కాలంలో పాలరాయి చాలావరకు కనుమరుగైంది. ఎందుకంటే పలకను ఊడదీసి మరో చోట వాడుకోవచ్చు. గోటి పరిమాణం ముక్కలతో చేసిన పులిని ఊడదీస్తే చేతికొచ్చేది గులకరాళ్ల గంప. అప్పటి యజమాని గొప్పగా చూపించుకున్నది పోయింది. దాని కంటే తక్కువ ఖరీదైనది మనదాకా వచ్చింది.

అరవై మీటర్ల వేట

ఆ పెద్ద వసారా పొడవు 60 మీటర్ల పైమాటే. వెడల్పు దాదాపు 5 మీటర్లు. దీన్ని 'మహా వేట' అంటారు గానీ, ఇందులో చంపడం తక్కువ, పట్టుకోవడం ఎక్కువ. రోమ్ నగరపు క్రీడారంగాల్లో జనం ముందు వదలడానికి జంతువులు ప్రాణాలతో కావాలి. ఆ సరఫరా మొత్తం ఇక్కడ వరసగా కనిపిస్తుంది. మేకపిల్లను ఎరగా కట్టి చిరుతను బోనులోకి రప్పించడం, బురద నేలలోంచి ఖడ్గమృగాన్ని తాళ్లతో లాగడం, నిప్పుకోళ్లను చంకన పెట్టుకుని ఓడ మెట్లెక్కడం, పెట్టెలను ఎడ్లబండి మీద రేవుకు తోలడం. పనివాళ్ల మధ్య ఒక అధికారి తన చేతికింది మనిషిని కర్రతో కొడుతున్నాడు. గొప్పింటి నేల మీద ఆ దెబ్బను దాచిపెట్టాలని ఎవరికీ అనిపించలేదు. అదీ వైభవంలో భాగమే.

వసారాకు రెండు చివరలా అర్ధవృత్తాకారపు గూళ్లు. ఒక్కో దాంట్లో ఒక్కో స్త్రీమూర్తి. ఉత్తరపు చివర ఉన్నామె బాగా దెబ్బతింది. పక్కనున్న మృగాలను బట్టి ఆఫ్రికా దేశమని చెబుతారు. దక్షిణపు చివర చామనఛాయ స్త్రీ, చేతిలో ఏనుగు దంతం, ఒక పక్క ఏనుగు, మరో పక్క పులి. ఆమెను చాలామంది పండితులు భారతదేశంగా గుర్తించారు. గాజుబంతి పులి ఉన్నదీ ఆ చివరి దగ్గరే.

రోమన్లకు మన తీరం కేవలం ఊహ కాదు. 1వ శతాబ్దపు గ్రీకు నావికుడి దారి పుస్తకం 'పెరిప్లస్' మసాలియా ప్రాంతపు సన్నని బట్టల గురించి చెబుతుంది. అది కృష్ణా ముఖద్వారం, మచిలీపట్నం వైపు ప్రాంతం. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి నాణేలు పదిహేను వందలకు పైగా ఒకే కుప్పగా దొరికాయి. అయితే సిసిలీ ఇంటి నేల మీదికి వచ్చేసరికి భారతదేశం నేతగాళ్ల దేశం కాదు, వర్తకుల దేశం కాదు. దంతం, పులి, ఏనుగు. తెచ్చుకోవలసిన వస్తువులు దొరికే ఓ చివర.

ఈ రెండు చివరల నుంచీ జంతువులు మధ్యకు వస్తాయి. మధ్యలో రెండు ఓడలు, రెండు పక్కలా సముద్రం, నడుమ ఒక నేల ముక్క. ఒక ఓడలోకి జంతువులను ఎక్కిస్తున్నారు, మరో దాంట్లోంచి దించుతున్నారు. ఆ నడుమ నేల ఇటలీ అని పండితుల అభిప్రాయం. ఆ చోటు ఎక్కడుందో చూడండి: సరిగ్గా దర్బారు హాలు మెట్ల ముందు. యజమానిని చూడబోయే అతిథి కాలు పెట్టేది లోకపు రెండు కొసలూ కలిసే చోట. తూర్పు నుంచి వచ్చినదీ, పడమర నుంచి వచ్చినదీ ఈయన గుమ్మం ముందు దిగుతుందన్న మాట. దాన్ని నోటితో చెప్పనక్కర లేదు. అతిథి అడుగులే ఆ మాట చదువుకుంటూ వస్తాయి.

దక్షిణపు చివరి వైపు ఇంకో దృశ్యం నవ్వు తెప్పిస్తుంది. గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న గ్రిఫిన్ అనే కల్పిత మృగం ఒక పెట్టెను పంజాలతో పట్టుకుంది. పెట్టె కమ్మీల్లోంచి ఒక మనిషి ముఖం తొంగిచూస్తోంది. ఎర అతనే. మేకపిల్లతో మొదలైన వేట మనిషి దాకా వచ్చింది. దూరం పోయేకొద్దీ మృగమూ వింతదే, దాన్ని పట్టే పద్ధతీ వింతదే.

నేల కింద నేల

ఇంత నేలను ఎలా వేశారు? రోమన్ కట్టడాల పద్ధతిని వాస్తుశిల్పి విత్రూవియస్ తన గ్రంథం ఏడో భాగంలో వివరించాడు. ముందు మట్టిని దిమ్మిస చేసి గట్టిపరచాలి. దాని మీద పిడికెడేసి రాళ్లు పరచాలి. ఆపైన మూడు పాళ్ల రాతి తుక్కుకు ఒక పాలు సున్నం కలిపి దట్టంగా కుదించాలి. దాని మీద కుండపెంకుల పొడి, సున్నం మూడుకొకటి పాళ్లలో కలిపి మరో పొర. మన పాత కట్టడాల్లో ఇటుక పొడి కలిపిన సున్నం ఏ పని చేసేదో ఈ పొరా అదే పని చేస్తుంది. తేమకు తట్టుకుంటుంది, పగుళ్లివ్వదు.

ఆ పైన అసలు పని. పచ్చి సున్నం ఆరేలోపు చేయగలిగినంత జాగా మాత్రమే పూసి, గీతలు గీసుకుని, రాతి ముక్కలను ఒక్కొక్కటిగా అద్దాలి. ముఖాలకు, కండరాలకు చిన్న ముక్కలు, తెల్లటి నేపథ్యానికి కాస్త పెద్దవి. రాతిలో దొరకని ముదురు రంగులకు గాజు ముక్కలు. సింహం జూలు దగ్గర ముక్కల వరసలు వెంట్రుక వాలును అనుసరిస్తాయి. మనిషి బుగ్గ దగ్గర గుండ్రంగా తిరుగుతాయి. దూరం నుంచి నీడలా కనిపించేది దగ్గరికి వెళితే ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగుల వరసలు.

పనివాళ్లు ఎక్కువగా ఉత్తర ఆఫ్రికా నుంచి, అంటే నేటి ట్యునీషియాలోని కార్తేజ్ ప్రాంతం నుంచి వచ్చి ఉంటారని పరిశోధకుల అంచనా. ట్యూనిస్ నగరంలోని బార్డో మ్యూజియంలో ఉన్న మొజాయిక్‌లకు, వీటికి పోలికలు అంత స్పష్టం. అన్ని గదుల్లో చెయ్యి ఒకటి కాదు. కొన్నిచోట్ల శరీరాలు గుండ్రంగా, బరువుగా ఉంటాయి. కొన్నిచోట్ల బల్లపరుపుగా, తొందరలో వేసినట్టుంటాయి. ఏ నేల మీదా పనివాడి సంతకం లేదు.

స్నానం, పిల్లలు, పందెం

నేలకు పెట్టిన శ్రద్ధ నేల కిందా పెట్టారు. స్నానశాలలోని వేడి గదుల కింద ఇటుక దిమ్మెల వరసలు ఉంటాయి. నేల వాటి మీద తేలినట్టు నిలుస్తుంది. బయటి కొలిమిలో మంట పెడితే వేడి గాలి నేల కిందా, గోడల్లో పొదిగిన మట్టి గొట్టాల్లోనూ తిరుగుతుంది. చన్నీటి గది ఎనిమిది పలకల ఆకారం. దాని నేల మీద సముద్రం: చేపలు పడుతున్న రెక్కల పిల్లలు, జలకన్యలు, సముద్రపు గుర్రాలు. స్నానశాలకు వెళ్లే దారి గదిలో ఒక ఇల్లాలు ఇద్దరు పిల్లలతో, బట్టలూ నూనె పట్టుకున్న ఇద్దరు దాసీలతో నిలబడి ఉంది. ఇంటి యజమానురాలే ఆమె అని చాలామంది నమ్మకం.

పక్కనే కసరత్తు హాలు. దాని నేల మీద రోమ్ నగరపు రథ పందేల మైదానం సర్కస్ మాక్సిమస్ మొత్తం దిగింది. మధ్య గట్టు మీద ఈజిప్టు నుంచి తెచ్చిన రాతి స్తంభం, నాలుగు రంగుల జట్ల రథాలు, బోల్తాపడిన రథం, విజేతకు బూర ఊదే మనిషి. అదే పందెం మరో గదిలో పిల్లల ఆటగా మారింది. అక్కడ రథాలను లాగేవి పక్షుల జోడీలు, తోలేవాళ్లు పిల్లలు. ఇంకో గదిలో పిల్లల వేట. ఒక బుడతడి పిక్కను ఎలుక కొరికితే పడిపోయాడు, మరొకడి మీదికి కోడిపుంజు ఎగబడింది. పెద్దల వసారాలో సింహం మీద పడే దృశ్యాన్నే ఇక్కడ ఎలుక స్థాయికి దించారు. వేట, పందెం ఈ ఇంటి మగపిల్లలకు ఉగ్గుపాలతో వచ్చే విద్యలు.

అందరికీ తెలిసిన గది మాత్రం వేరే. ఛాతీకి ఒక పట్టీ, నడుముకు ఒక పట్టీ కట్టుకున్న అమ్మాయిలు. ఒకరు చేతుల్లో బరువులు పట్టుకుని దూకుతున్నారు, ఒకరు చక్రం విసురుతున్నారు, ఇద్దరు పరుగెత్తుతున్నారు, మరికొందరు బంతి ఆడుతున్నారు. ఒకామె తలకు పూలకిరీటం పెట్టుకుంటోంది, చేతిలో ఖర్జూరపు మట్ట. ఈ గదిని 'బికినీ అమ్మాయిల గది' అని పిలవడం అలవాటైంది. అవి ఈత దుస్తులు కావు, ఆటల పోటీ దుస్తులు. చూడాల్సింది వాళ్ల పిక్కలు, భుజాలు, పరుగులో కాళ్లూ చేతులూ కదిలే తీరు. బహుమతి అందుకుంటున్నవాళ్లు అలంకారం కోసం నిలబడ్డవాళ్లు కారు. గది మూలలో పైనేల విరిగిన చోట కింద మరో నేల కనిపిస్తుంది. అది గళ్ల నమూనా. అంటే ఎవరో ముందున్న పాత నేలను కప్పి మరీ ఈ అమ్మాయిలను వేయించుకున్నారు.

విందుశాలలో ఓడిపోయినవాళ్లు

విందుశాలకు మూడు వైపులా మూడు గూళ్లు. అతిథులు వాటిలో వాలి కూర్చుని మధ్య నేలను చూస్తూ తినేవారు. నడిమి నేల మీద పురాణ వీరుడు హెర్క్యులిస్ చేసిన పన్నెండు సాహసాల ఫలితాలు: చచ్చిన సింహం, తెగిన హైడ్రా పాము, కూలిన గుర్రాలు. విశేషమేమిటంటే చంపినవాడు లేడు, చచ్చినవే ఉన్నాయి. ఒక గూటిలో పాముకాళ్ల రాక్షసులు గుండెల్లో దిగిన బాణాలతో మెలికలు తిరుగుతున్నారు. బాణం వేసినవాడు అక్కడా కనిపించడు. కొట్టిన చెయ్యి కనిపించకపోవడంతో చూసేవాడి కళ్లు అతన్ని వెతుక్కుంటాయి. అప్పుడు ఎదురుగా కనిపించేది విందు ఇస్తున్న యజమానే.

మరో గదిలో గ్రీకు కథల వీరుడు యులిసిస్ ఒంటికన్ను రాక్షసుడికి ద్రాక్షసారా గిన్నె అందిస్తున్నాడు. ఇక్కడి రాక్షసుడికి మాత్రం ఒక కన్ను కాదు, మూడు. మామూలు కళ్లు రెండూ ఉంచి నుదుట మూడోది వేశారు.

ఎవరిదీ ఇల్లు?

యజమాని పేరు ఏ గోడ మీదా లేదు. 1950లలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపిన జీనో వినీచియో జెంతీలి, నార్వే పండితుడు లోరాంజ్ ఇది 305లో సింహాసనం వదిలిన మాక్సిమియన్ చక్రవర్తి ఇల్లన్నారు. ఆయన బిరుదు హెర్క్యులియస్, విందుశాలలో ఉన్నదీ హెర్క్యులిస్ కథే. వేట వసారాలో ఇద్దరు కాపలాదారుల మధ్య నిలబడిన టోపీ పెద్దమనిషి ఆయనేనని వాదన. కానీ ఆ తరువాతి పరిశోధన కట్టడపు కాలాన్ని మరికొన్ని ఏళ్లు తర్వాతికి జరిపింది. ఆంద్రెయా కారాందీని బృందం ప్రొకులుస్ పొపులోనియుస్ పేరు ముందుకు తెచ్చింది. ఆయన 327 నుంచి 331 దాకా సిసిలీ గవర్నరు, తర్వాత రోమ్ నగర పాలకుడు. పదవిలోకి వచ్చిన పెద్దలు సొంత ఖర్చుతో జనానికి క్రీడలు ఏర్పాటు చేయడం రోమ్ ఆచారం. అలాంటివాడి ఇంట్లో జంతువుల వసారా గత వైభవానికి రసీదులాంటిది. తీర్పు ఇంకా రాలేదు. అయితే ఇల్లు చక్రవర్తిదైనా, చక్రవర్తిలా కనిపించాలనుకున్న అధికారిదైనా నేల పలికే మాట మారదు.

బురద చేసిన మేలు

5వ శతాబ్దంలో వాండల్ అనే తెగ దాడులతో సిసిలీ అతలాకుతలమైంది. తర్వాత ఈ శిథిలాల మధ్యే ఒక ఊరు పుట్టింది. అరబ్బుల కాలంలో, నార్మన్ల కాలంలో జనం ఇక్కడ కాపురమున్నారు. 12వ శతాబ్దంలో ఆ ఊరు నాశనమైంది. మాంగోనె కొండ నుంచి జారిన మట్టి, వరద బురద నేలలను కప్పేశాయి. ఆ బురదే వాటిని కాపాడింది. 1881లో కొంత తవ్వారు. 1929లో పావొలో ఓర్సి, 1935 తర్వాత జుసెప్పె కుల్త్రెరా పని ముందుకు తీసుకెళ్లారు. జెంతీలి 1950లో మొదలుపెట్టి పదేళ్లలో భవనాన్ని దాదాపు పూర్తిగా వెలికితీశాడు.

మట్టి తీసిన మరుక్షణం నుంచి మరో యుద్ధం. 1950ల చివర్లో వాస్తుశిల్పి ఫ్రాంకో మినిస్సి ఇనుప చట్రం, పారదర్శక ప్లాస్టిక్ పలకలతో భవనం పాత ఆకారాన్ని గుర్తుచేసే కప్పు వేశాడు. గోడల మీదుగా నడకదారులు పెట్టాడు. అప్పట్లో ప్రపంచం మెచ్చుకున్న ఆలోచన అది. కానీ సిసిలీ ఎండకు ఆ గదులు ఉడికిపోయాయి. లోపలి వేడి, తేమ నేలలను దెబ్బతీశాయి. చివరికి దాన్ని తీసేసి చెక్క, రాగి రేకులతో కొత్త కప్పు వేశారు. మొజాయిక్‌లను శుభ్రం చేసి 2012లో తిరిగి తెరిచారు. మినిస్సి కప్పులో వెలుతురు ఉండేది, కొత్తదాంట్లో చల్లదనం ఉంది. వెలుతురు పోయిందని బాధపడేవాళ్లున్నా, రాతి ముక్క ఊడి రాకుండా ఉండటమే ముఖ్యమనుకుంటే రెండోదే సరైనది.

ఇటీవలి దశాబ్దాల్లో రోమ్ సపియెంజా విశ్వవిద్యాలయానికి చెందిన పాత్రిత్సియో పెన్సాబెనె బృందం భవనం చుట్టుపక్కల తవ్వింది. మధ్యయుగపు ఇళ్లు, దక్షిణాన మరో స్నానశాల, ముఖద్వారం ఎదుటి వైపు గోదాములు బయటపడ్డాయి. భవనంలో ద్రాక్షకోత ఉంది, కానీ కోస్తున్నది రెక్కల పిల్లలు. నిజమైన రైతులు, గోధుమలు మోసిన కూలీలు, కొలిమిలో కట్టెలు వేసిన బానిసలు ఎలా బతికారన్నది బొమ్మలు చెప్పవు. అది ఈ గోదాముల గోడల్లో, పెంకుల్లో, బూడిదలో వెతకాలి. 3,500 చదరపు మీటర్ల బొమ్మల నేలలో యజమాని చెప్పుకున్న సంగతి విన్నాం. మిగతా సగం ఇంకా తవ్వేవాళ్ల పారల కిందే ఉంది.

వెళ్లాలనుకుంటే

సిసిలీలో కతానియా విమానాశ్రయం నుంచి రోడ్డు మార్గంలో పియాజ్జా అర్మెరీనా చేరవచ్చు. కారు ఉంటే సులువు. వేసవి మధ్యాహ్నం కంటే ఉదయం తెరిచే వేళ మేలు. నడకదారులు ఎత్తులో ఉంటాయి కాబట్టి బొమ్మలను పైనుంచి చూస్తాం. ముఖద్వారం నుంచి దర్బారు వైపు, అతిథి నడిచిన వరసలోనే చూస్తే కథ అర్థమవుతుంది. సమయం ఉంటే దగ్గర్లోని మోర్గాంతీనా గ్రీకు నగర శిథిలాలు, ఐదోనె ఊరి మ్యూజియం చూడండి. అమెరికాలోని గెట్టి మ్యూజియం 2011లో తిరిగి అప్పగించిన ప్రసిద్ధ దేవతా విగ్రహం అక్కడే ఉంది.